పుస్తకాలు వెళ్ళిపోయిన గ్రంథాలయం: ఒక భవన పునర్వినియోగ కేస్ స్టడీ

పాత ప్రజా భవనాలను బాగుచేసి మళ్ళీ వాడుకలోకి తేవడం నా వృత్తి. ఇలాంటి భవనాల కార్యవర్గాలు దాదాపు ఎప్పుడూ ఒకే ప్రశ్నతో వస్తాయి: “దీన్ని దేనికి వాడితే బాగుంటుంది?” కృష్ణా డెల్టాలోని ఒక పట్టణంలో, 1920ల చివర కట్టిన గ్రంథాలయ భవనం గురించి వచ్చినవారు కూడా అదే అడిగారు. ఆ ప్రశ్నకు నేరుగా జవాబు వెతికిన ప్రతిసారీ అక్కడ పని చెడింది. ఆ గుమ్మం దాకా ఇప్పటికే ఎవరు వస్తున్నారు, ఏ వేళకు వస్తున్నారు అని గమనించిన తర్వాతే దారి కనిపించింది. ఈ కేసును రాసి పెట్టడానికి కారణం అదే. ఊరి పేరు, సొసైటీ పేరు, దాత కుటుంబం వివరాలు ఇవ్వడం లేదు. ఆనవాలు పట్టే వీలున్న చిన్న సంగతులు కొన్ని మార్చాను.

నేపథ్యం

1914 ఏప్రిల్ 10న విజయవాడ రామమోహన గ్రంథాలయంలో, అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో తెలుగు పట్టణాల్లోనూ పల్లెల్లోనూ ప్రజల చందాలతో ఎన్నో గ్రంథాలయాలు లేచాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీదే గ్రంథాలయం నడిచింది. ఆనాటివారు గ్రంథాలయాన్ని పుస్తకాల కొట్టుగా చూడలేదు. రాత్రి బడి, పత్రిక చదివి వినిపించే చోటు, ఉపన్యాస వేదిక, అన్నీ అందులోనే. ఈ సంగతి తర్వాత మాకు చట్టపరంగా కూడా అక్కరకొచ్చింది.

మన కేసులోని భవనం కూడా అలా చందాలతో లేచిందే. స్థలం ఒక కుటుంబం ఇచ్చింది. నిర్వహణకు 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఒక సంఘం ఏర్పడింది. ముందు వరండా, వెనుక సుమారు 16 అడుగుల ఎత్తున్న పెద్ద హాలు, రెండు పక్కల చిన్న గదులు, చెక్క మెట్లెక్కితే పైన ఒక గది. గోడలు గానుగ సున్నంతో, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో, కట్టిన ఇటుక గోడలు. కప్పు మద్రాసు టెర్రస్ మిద్దె: టేకు దూలాల మీద పలుచటి ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి, పైన సున్నపు కాంక్రీటు వేసి పలకలు పరిచిన పద్ధతి.

1960 గ్రంథాలయాల చట్టం తర్వాత చాలాకాలం జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖ ఒకటి ఇందులో అద్దెకు నడిచింది. కప్పు కారడం మొదలయ్యాక ఆ శాఖ సొంత భవనానికి మారింది. చదువుకోవడానికి ఇంటికిచ్చే పుస్తకాలు దానితోపాటే వెళ్ళిపోయాయి. సొసైటీ సొంత ఆస్తి మాత్రం మిగిలింది: బైండు చేయించిన ‘భారతి’, ‘కృష్ణాపత్రిక’ సంపుటాలు, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, కొన్ని పాత నాటకాలు, శతకాలు. కార్యవర్గంలో మిగిలిన కొద్దిమందీ వయసు పైబడినవారు. కార్యదర్శి ఒక రిటైర్డు తెలుగు మాస్టారు.

వచ్చిన సమస్య

స్థలం బజారు నడిబొడ్డున ఉంది. కూల్చి దుకాణాల సముదాయం కట్టి, పై అంతస్తులో ‘గ్రంథాలయ హాలు’ పెడదామన్న ప్రతిపాదన ఊళ్ళో బలంగా ఉంది. మాస్టారికి అది ఇష్టం లేదు. వద్దనడానికి ఆయన దగ్గర లెక్క కూడా లేదు. “భవనం తన ఖర్చు తాను సంపాదించుకుంటే చాలు బాబూ, మిగతాది నేను చూసుకుంటాను” అన్నారు. సభ్యులు తలా ఒక ఉపాయం చెప్పారు. ఒకరు కల్యాణ మండపం అన్నారు, ఒకరు స్వాతంత్ర్యోద్యమ ప్రదర్శనశాల అన్నారు, ఇంకొకరు కంప్యూటర్ శిక్షణ కేంద్రం అన్నారు. అందరి మాటల్లోనూ భవనం ఒక ఖాళీ డబ్బా. అందులో ఏది పెట్టాలన్నదొక్కటే చర్చ.

ఊళ్ళో ఒక అపోహ కూడా ఉంది. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కాబట్టి మరమ్మతు ప్రభుత్వమే చేయాలని చాలామంది అనుకుంటున్నారు. ఆ సెస్సు వెళ్ళేది జిల్లా గ్రంథాలయ సంస్థకు. ఈ భవనం సొసైటీది. ఈ తేడా స్పష్టంగా చెప్పకుండా చందా అడిగితే “పన్ను కడుతున్నాం కదండీ” అన్న జవాబే వస్తుంది. అందుకని తొలి సమావేశంలోనే చెప్పేశాం.

మేము రాకముందు చేసి చూసినవి

శాఖ ఖాళీ చేశాక కార్యవర్గం హాలును శుభకార్యాలకు అద్దెకిచ్చింది. డబ్బు వచ్చింది. దానితోపాటు వంట పొగ కూడా లోపలికొచ్చింది. అలంకరణల కోసం గోడలకు మేకులు కొట్టారు. భోజనాల తర్వాత నేలను గొట్టంతో కడిగారు. నీళ్ళు గోడ అడుగుకు చేరి అక్కడి సున్నం ఉబ్బింది. అన్నిటికన్నా మించి దాత మనవడు అభ్యంతరం చెప్పారు: “మా తాతగారు స్థలమిచ్చింది పెళ్ళి భోజనాలకు కాదండీ.” ఆయన మాట కోపంతో అన్నదే అయినా దాని వెనుక కాగితం ఉందని మాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత పక్క గదులనూ సగం హాలునూ కంప్యూటర్ శిక్షణ నడిపే ఒకరికి లీజుకిచ్చారు. ఆయన ప్లైవుడ్ అడ్డుగోడలు పెట్టి, కప్పు కింద ఇంకో కప్పు బిగించి, ఏసీ పెట్టుకున్నారు. పై వెంటిలేటర్లు మూతపడ్డాయి. కప్పు కారుతున్నా రెండో కప్పు దాన్ని దాచేసింది. దూలాల చివర్లు ఎంత పుచ్చాయో అది విప్పిన రోజు దాకా ఎవరికీ తెలియలేదు. శిక్షణకు గిరాకీ తగ్గగానే ఆయన వెళ్ళిపోయారు, చివరి నెలల అద్దె రాలేదు.

ఈ రెండు అనుభవాలనూ విడివిడిగా చూస్తే ఒకటి అద్దెదారు దురుసుతనం, ఇంకొకటి వ్యాపార నష్టం అనిపిస్తుంది. నాకు రెండింటిలోనూ ఒకే కారణం కనిపించింది. ఎంచుకున్న ఉపయోగానికి భవనం ఎత్తూ గాలీ గోడల స్వభావమూ ఏవీ అవసరం లేదు. అవసరం లేనివాటిని ఎవరూ కాపాడరు.

మొదటి నిర్ణయం: ఉపయోగం కన్నా ముందు కాగితాలు

కార్యవర్గం మా నుంచి డ్రాయింగులు ఆశించింది. మేము ముందు దస్తావేజులు అడిగాం. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి దానపత్రం నకలు తెప్పించాం. అందులో రెండు సంగతులు తేలాయి. ఒకటి, స్థలాన్ని వ్యాపారానికి వాడితే అది దాత వారసులకు తిరిగి చెందాలన్న షరతు. దుకాణాల ప్రతిపాదన అక్కడే ఆగిపోయింది. రెండోది ఇంకా ముఖ్యం: దానం దేనికోసమో చెబుతూ గ్రంథాలయం, పఠనాలయం, రాత్రి పాఠశాల, ‘ప్రజోపయోగకరములైన ఉపన్యాసములు’ అని వరుసగా రాశారు.

న్యాయవాది సలహా సూటిగా ఉంది. ఈ జాబితా లోపల ఏ ఉపయోగం పెట్టుకున్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు. జాబితా దాటితే ప్రజాధర్మాదాయాలకు సంబంధించిన సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టు గడప ఎక్కాల్సి రావచ్చు, వారసులతో వ్యాజ్యమూ తప్పకపోవచ్చు. ఏళ్ళ తరబడి కోర్టులో ఉన్న పాత భవనం తీర్పు వచ్చేదాకా నిలవదు. కాబట్టి జాబితా లోపలే వెతకాలని తీర్మానించాం. మా చేతులు కట్టేసినట్టు కొందరికి అనిపించింది. నిజానికి అక్కడే పని తేలికైంది: వాదించుకోవలసిన ఉపాయాలు సగానికి సగం తగ్గిపోయాయి.

సొసైటీ వార్షిక జాబితాలు ఏళ్ళుగా దాఖలు కాలేదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం వాటిని సరిచేయించి, కొత్త సభ్యులను చేర్చి, బ్యాంకు ఖాతాను బతికించాం. విసుగు పుట్టించే పని ఇది. ఇది చేయకుండా ఒక్క రూపాయి చందా వసూలు చేసినా ఇచ్చినవాళ్ళ ముందు తలెత్తుకోలేం.

రెండో నిర్ణయం: భవనం ఎంత మోయగలదు

పడమటి గోడ లోపలివైపు నడుము ఎత్తు దాకా ఎవరో సిమెంటు పూత వేయించారు. చెమ్మ వస్తోందని వేసిన పూత అది. ఆ పూత పైఅంచు దగ్గర గోరుతో గీరితే ఇటుక ఎర్రటి పొడిగా రాలింది, గోరంతా తెల్లటి ఉప్పు అంటుకుంది. డెల్టా నేలలో నీరు పైపైనే ఉంటుంది. పాత ఇటుక గోడ దాన్ని పీల్చుకుంటుంది, సున్నపు పూత ఆ తేమను మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. బయటికి దారిలేని తేమ గోడలోనే ఇంకా పైకెక్కి, పూత అయిపోయిన చోట బయటపడి, తనతో తెచ్చిన ఉప్పును అక్కడ వదులుతుంది. ఆ ఉప్పు గట్టిపడుతూ ఇటుకను లోపలినుంచి పగలగొడుతుంది. చెమ్మకు మందు అనుకున్నదే చెమ్మను పైకెక్కించింది.

మిద్దె మీద కూడా ఇలాంటి పనే జరిగింది. కారినప్పుడల్లా ఒక పొర సిమెంటు కాంక్రీటు పోశారు. అంగుళం మందాన అలా పోస్తే చదరపు మీటరుకు సుమారు 60 కిలోల బరువు అదనం. ఎన్ని పొరలు పడ్డాయో చెక్కి చూస్తే గానీ తెలియలేదు. ఆ బరువంతా మోస్తున్నవి గోడలో దాగిన చివర్లు పుచ్చిపోయిన దూలాలు.

ఈ పరిశీలన మరమ్మతు జాబితా కోసం మాత్రమే చేయలేదు. ఏ ఉపయోగాన్ని వద్దనాలో చెప్పడానికి కూడా అదే ఆధారమైంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, పుస్తకాలు వేరే గదిలో ఉండే పఠన మందిరం నేలకు చదరపు మీటరుకు సుమారు 300 కిలోల భారం లెక్క వేస్తారు. కదిలే కుర్చీల సభాస్థలికి అది సుమారు 500 కిలోలు, పుస్తకాల గిడ్డంగికి 600 లేదా అంతకన్నా ఎక్కువ. పైగదిలో సభలు పెడదామన్న కోరికనూ, పాత సంపుటాలను పైకి చేర్చి కింద ఖాళీ చేద్దామన్న ఆలోచననూ ఈ అంకెలే ఆపాయి. పుస్తకాలు కిందే ఉండాలి. పైగది కొద్దిమంది కూర్చుని పనిచేసుకునే చోటుగా మాత్రమే ఉండాలి. దాన్ని గోడ మీద రాయించాం కూడా.

మూడో నిర్ణయం: గుమ్మం దగ్గర లెక్క

భవనం తాళం వేసి ఉన్న రోజుల్లోనే, ఉదయం నుంచి రాత్రి దాకా వరండాలోకి ఎవరు వస్తున్నారో గంటవారీగా రాసే పని స్థానిక కళాశాల విద్యార్థులకు అప్పగించాం. ప్రశ్నావళి పంచితే అందరూ ‘గ్రంథాలయం కావాలి’ అనే టిక్కు పెడతారు, ఆ తర్వాత రారు. కాళ్ళు చెప్పే మాట కావాలి మాకు.

తెల్లవారుతూనే పెద్దవాళ్ళు వచ్చేవారు. ఎవరో ఒకరు కొన్న పత్రికను పేజీలుగా విడదీసి పంచుకునేవారు. మధ్యాహ్నం పక్కనున్న కార్యాలయాలకు పనిమీద వచ్చిన పల్లెవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, నీడకోసం మెట్ల మీద కూర్చునేవారు. చేతిలో దరఖాస్తు ఫారాలు. వాటిని నింపిపెట్టమని దారిన పోయేవారిని అడిగేవారు. సాయంత్రం అయిదు దాటాక యువకులు. డీఎస్సీ, గ్రూప్-2, కానిస్టేబుల్ పరీక్షల పుస్తకాలు సొంతవే తెచ్చుకుని, వీధిదీపం వెలుతురు పడే రెండు స్తంభాల మధ్య గోడకు ఆనుకుని చదివేవారు. ఇల్లు ఇరుకు, ఇంట్లో టీవీ, అద్దె స్టడీ హాళ్ళ రుసుము భరించలేరు. ఆ సమయంలో అమ్మాయిలు దాదాపు లేరు.

తాళం వేసిన భవనం మూడు పూటలా వాడుకలోనే ఉందన్నమాట! కార్యవర్గ సభ్యులు ఆ కాగితాలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళలో ఇద్దరు ఆ ఉదయపు పత్రిక బృందంలో రోజూ కూర్చునేవారే.

పనిచేయనివి

అయినా ప్రదర్శనశాల కోరిక బలంగా ఉండటంతో, మరమ్మతు మొదటి విడత కాగానే ఒక పక్కగదిలో చిన్నగా పెట్టి చూశాం. పాత ఛాయాచిత్రాలు, చందాదారుల పుస్తకం, ఉప్పు సత్యాగ్రహం నాటి పత్రికల ప్రతులు. ప్రారంభం రోజు నిండింది. పాఠశాలల పిల్లలను ఒకసారి తీసుకొచ్చారు. ఆ తర్వాత కాపలా మనిషి తప్ప లోపల ఎవరూ లేరు. వస్తువులు బాగాలేక కాదు. ఊరివాళ్ళు ఒక్కసారి చూస్తే చాలు, బయటి ఊళ్ళవాళ్ళు వచ్చే దారి మీద ఈ పట్టణం లేదు. ఒకే ప్రదర్శన మీద బతకాలంటే ప్రతిరోజూ కొత్త మనుషులు రావాలి. గ్రంథాలయం అలా కాదు, అదే మనిషి మళ్ళీ మళ్ళీ రావడం మీద బతుకుతుంది. ఆ ఛాయాచిత్రాలను తర్వాత హాలు గోడల మీదికి మార్చాం. చదువుకుంటూ తలెత్తినవాళ్ళు వాటిని రోజూ చూస్తున్నారు.

పెద్ద హాలును రోజంతా అందరికీ ఉచితంగా తెరిచి ఉంచడం రెండో ప్రయోగం. ఇది మొదట్లో ఘనంగా కనిపించి, తర్వాత గొడవల్లో పడింది. పెద్దవాళ్ళు పత్రిక చదివితే ఊరుకోరు, చర్చిస్తారు. చర్చే వాళ్ళకు సగం పత్రిక. పరీక్షలకు చదివేవాళ్ళకు చీమ చిటుక్కుమనకూడదు. పైగా రాత్రి వెళ్ళేటప్పుడు బల్లమీద సంచి వదిలి చోటు ఆపుకోవడం మొదలైంది. నోటిఫికేషన్ వచ్చిన నెలలో చోటు చాలదు, పరీక్ష అయిపోయిన నెలలో ఫ్యాను తిరిగే చప్పుడే వినిపిస్తుంది. ఉచితం కావడంతో కరెంటు బిల్లు ఎవరిదన్న ప్రశ్న కార్యదర్శి మాస్టారి మీద పడింది, ఆయన తన పింఛనులోంచి కట్టారు. ఒక మనిషి మంచితనం మీద నడిచే ఏర్పాటు ఆ మనిషితోనే ఆగిపోతుంది. అందుకే దాన్ని ఆపించాం.

పనిచేసినవి

హాలును గోడలతో విడదీయకుండా గంటలతో విడదీశాం. ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా వరండా పత్రికలవారిది, అక్కడ ఎంత గట్టిగా మాట్లాడుకున్నా అభ్యంతరం లేదు. హాలు పొద్దున పదింటి నుంచి చదువుకునేవారిది. నెల రుసుము తక్కువే, కానీ రుసుమంటూ పెట్టాం. కట్టలేనివారు వారంలో ఒక పూట హాలు తెరిచి మూసే బాధ్యత తీసుకుంటే చాలు. బల్లకు పేరు లేదు, రాత్రికి సంచి ఉంచకూడదు. ఈ నియమాలను కార్యవర్గం రాయలేదు. చదువుకునేవాళ్ళే కూర్చుని రాసుకున్నారు, అందుకే అమలవుతున్నాయి.

అమ్మాయిలు ఎందుకు రావడం లేదో కనుక్కోవడానికి కార్యవర్గంలో చేరిన ఒక ఉపాధ్యాయిని ఇళ్ళకు వెళ్ళి అడిగారు. భద్రత, కట్టుబాట్లు అనే పెద్ద మాటలు వస్తాయని మాలో కొందరు అనుకున్నారు. వచ్చిన జవాబులు కొలతల్లో ఉన్నాయి. “మేడమ్, లోపల గడియ పడే మరుగుదొడ్డి లేదు.” “సందులో దీపం లేదు.” “ఎనిమిది దాటితే మా ఊరికి బస్సు ఉండదు.” ఈ మూడింటికీ ఇంజనీరు జవాబు చెప్పగలడు. పాత గోడకు గొట్టాలు తగిలిస్తే చెమ్మ మళ్ళీ మొదలవుతుంది కాబట్టి, మరుగుదొడ్లను భవనానికి దూరంగా విడి గదిగా కట్టాం. సందులో రెండు దీపాలు వేయించాం. చివరి బస్సుకు అందేలా ఏడున్నరకు మొదటి గంట కొడతారు, ఉండేవాళ్ళు ఉంటారు. సాయంత్రం అమ్మాయిల సంఖ్య నెలనెలా పెరిగింది.

మధ్యాహ్నం ఫారాలతో కూర్చున్నవారి కోసం పెట్టిన బల్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది అదే. పక్కగదిలో ఒక పొడవాటి బల్ల, నాలుగు కుర్చీలు, ఒక కంప్యూటర్. రెవెన్యూలో, బ్యాంకులో, తపాలాలో పనిచేసి రిటైరైనవారు వంతులవారీగా కూర్చుంటారు. దరఖాస్తులు నింపిపెడతారు, వచ్చిన నోటీసు చదివి అర్థం చెబుతారు, నవంబరులో పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రాలకు సాయం చేస్తారు. సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాసిపెడతారు, 30 రోజుల్లో జవాబు రావాలని తేదీ వేసి చెబుతారు. డబ్బు తీసుకోరు. ఒకరోజు ఒక పెద్దావిడ తన పేరు మీద వచ్చిన కాగితాన్ని చదివించుకుని, “ఇదేనా నాయనా? దీనికేనా నేను నాలుగు రోజులు భయపడింది?” అని అడిగింది. దానపత్రంలోని రాత్రి పాఠశాల, ప్రజోపయోగకరమైన ఉపన్యాసం అన్న ఉద్దేశాలకు ఇంతకన్నా దగ్గరి పని నాకు తోచలేదు. దాత మనవడు ఇప్పుడు ఆ బల్ల దగ్గర వారానికొకసారి కూర్చుంటారు.

పాత సంపుటాలను ఉత్తరం గదిలో, గోడకు ఆరు అంగుళాల ఎడంగా ఉక్కు బీరువాల్లో పెట్టాం. మధ్యలో గాలి ఆడాలి, చెదలు ఎక్కితే కంటపడాలి. పత్రికల కాగితంలో ఆమ్లం ఉండటంతో అంచులు విరిగిపోతున్నాయి. ప్లాస్టిక్ పొర వేయించవద్దని గట్టిగా చెప్పాం. వేస్తే ఆమ్లం లోపలే ఉండిపోతుంది, తర్వాత పొర తీయడమూ సాధ్యం కాదు. ముందుగా చెప్పి వచ్చిన పరిశోధకులకు గది తెరుస్తారు. స్కానింగ్‌ను 1957 కాపీరైటు చట్టం చూసుకుని చేస్తున్నాం: రచయిత మరణించిన 60 ఏళ్ళకు హక్కు తీరుతుంది, పేరు లేని రచనకు ప్రచురణ నుంచి 60 ఏళ్ళు. ఒక సంచికలో ఒక వ్యాసానికి హక్కు తీరి, పక్క వ్యాసానికి తీరకపోవచ్చు. అందుకని హక్కు ఇంకా ఉన్న వ్యాసాలను బయట పెట్టరు, గదిలో కూర్చుని చదువుకోవచ్చు.

మరమ్మతులో ఎంచుకున్న దారి

మిద్దె మీది సిమెంటు పొరలను చిన్న ఉలులతో, యంత్రం వాడకుండా తీయించాం. అదురుకు కింది ఇటుక వరసలు వదులైపోయే ప్రమాదం ఉంది. దూలాలను మొత్తంగా మార్చలేదు. పుచ్చిన చివర వరకు కోసి, కొత్త టేకు ముక్క అతికి, రెండు వైపులా ఉక్కు పట్టీలు బిగించి, గోడలోని గూడులో చివర చుట్టూ కాస్త ఖాళీ వదిలాం. దూలం గాలి పీల్చాలి, లేకపోతే కొత్త చెక్క కూడా అలాగే పుచ్చుతుంది. పాత దూలం మధ్యభాగం ఇప్పటికీ రాయిలా ఉంది, దాన్ని పారేయడానికి కారణం లేదు.

గోడల మీద సిమెంటు తీసి, ఇటుకను ఆరనిచ్చి, సున్నంతో మళ్ళీ పూత వేయించాం. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, సిమెంటులా తొందరపెడితే బీటలిస్తుంది. గానుగ సున్నం పని చేసిన మేస్త్రీలు ఇప్పుడు అరుదు. దొరికిన పెద్ద మేస్త్రీ పక్కన ఇద్దరు కుర్రాళ్ళను పెట్టి, వాళ్ళ కూలి కూడా ఖర్చులో వేశాం. ఊరికి ఇంకో పాతికేళ్ళు ఈ పని తెలిసినవాళ్ళు కావాలి. వైర్లను గోడ చెక్కకుండా పైపైన గొట్టాల్లో నడిపాం. ఏసీ వద్దన్నాం. 16 అడుగుల ఎత్తు, తెరిచిన వెంటిలేటర్లు, పొడవాటి కాడల ఫ్యాన్లు ఉంటే మే నెల మధ్యాహ్నం తప్ప హాలు భరించగలిగేలానే ఉంటుంది.

ర్యాంపు కోసం చాలా వాదన నడిచింది. అరుగు ఎత్తు మూడు అడుగులు. ఒకటికి పన్నెండు వాలు పాటిస్తే 36 అడుగుల పొడవు, మధ్యలో నిలిచే చదును అదనం. ముందువైపు పెడితే వరండా రూపు చెడుతుందని సభ్యులు బాధపడ్డారు. వాలు పెంచి పొట్టిగా కట్టమన్నారు. ఒప్పుకోలేదు, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఎక్కలేని ర్యాంపు ఎందుకు? తూర్పు పక్కగా మలుపు తిప్పి, పాత గోడకు ఆనకుండా విడిగా కట్టాం. ఎప్పుడైనా తీసేయాల్సి వస్తే భవనానికి గీత పడదు.

డబ్బు సంగతి

ఉపయోగానికి రాబడి, భవనానికి మరమ్మతు: ఈ రెండు ఖాతాలను వేరు చేయడమే అన్నిటికన్నా పనికొచ్చింది. నెల రుసుములు కరెంటుకు, ఊడ్చే మనిషికి, పత్రికలకు సరిపోతాయి. అంతకన్నా వాటి నుంచి ఆశించలేదు. మరమ్మతు నిధి వేరే ఖాతా, దానిలోంచి నడుపుదల ఖర్చుకు ఒక్క రూపాయి తీయకూడదని తీర్మానం ఉంది. దానికి చందా అడిగేటప్పుడు ‘భవన పునరుద్ధరణకు’ అని అడగలేదు, ఒక్కో దూలానికి ఒక్కో కుటుంబాన్ని అడిగాం. ఏ దూలం చివర కోశామో, ఎంత చెక్క పట్టిందో లెక్క చూపించాం. విదేశాల్లో ఉన్న ఊరివాళ్ళకన్నా బజారులోని చిన్న దుకాణదారులు ముందుకొచ్చారు, వాళ్ళ పిల్లలే సాయంత్రం హాల్లో కూర్చుంటున్నారు కదా! 1972లో కోల్‌కతాలో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్‌కు స్వచ్ఛంద సంస్థలు నడిపే ప్రజా గ్రంథాలయాలకు సాయం చేసే పథకాలు ఉన్నాయి. భవనం గ్రంథాలయంగానే మిగిలింది కాబట్టి అలాంటి తలుపులు తెరిచే ఉన్నాయి. కల్యాణ మండపమై ఉంటే అవి మూసుకునేవి.

ఈ కేసు నుంచి తీసుకోగలిగినవి, తీసుకోకూడనివి

ఇది విన్న ఇంకో పట్టణం కార్యవర్గం ఇదే నమూనా కావాలని అడిగింది. స్టడీ హాలును అలాగే ఎత్తి అక్కడ పెట్టవద్దని చెప్పాను. వాళ్ళ ఊళ్ళో కళాశాలల వసతి గృహాల్లో చదువుకునే గదులు ఇప్పటికే ఉన్నాయి, సాయంత్రం వాళ్ళ భవనం ముందు ఎవరూ ఆగరు. ఇక్కడి నుంచి తీసుకెళ్ళదగ్గది వరస: ముందు దానపత్రం, తర్వాత కప్పూ గోడలూ మోయగల బరువు, ఆ తర్వాత గంటవారీ లెక్క, చివరికి ఉపయోగం. ఈ వరస తిరగబడితే నచ్చిన ఉపయోగానికి తగినట్టు భవనాన్ని కోయడం మొదలవుతుంది.

ఒకే పెద్ద ఉపయోగం కోసం వెతకడం కూడా మానుకోవాలి. ఇక్కడ నిలిచినవి మూడు చిన్న ఉపయోగాలు. నోటిఫికేషన్లు లేని నెలల్లో హాలు పలచబడినా, వరండా, ఫారాల బల్ల ఆగవు. తలుపు రోజూ తెరుచుకుంటే కారిన చోటు వెంటనే కంటపడుతుంది.

ఇంకా అవ్వని పని ఉంది. పడమటి గోడ బయటివైపు పైభాగంలో సిమెంటు పూత అలాగే ఉంది. దాన్ని తీయాలంటే పక్క స్థలంలోకి పరంజా వేయాలి, ఆ యజమానితో మాట్లాడుతున్నాం. తొలకరికి ముందు మిద్దె మీది నీటి గొట్టాలు శుభ్రం చేసి, దూలాల చివర్లను సుత్తి పిడితో తట్టి చప్పుడు విని, ఫలితం రిజిస్టరులో రాయడం ఏటా మే నెలలో జరగాలి. మొదటి ఏడాది మేమే చేసి చూపించాం. ఈ ఏడాది ఆ రిజిస్టరు హాల్లో చదువుకుంటున్న ఇద్దరు సివిల్ డిప్లొమా విద్యార్థుల చేతిలో ఉంది.